గోడ దాటిన పిల్లలు

మన పట్టణాలలో ‘కాన్వెంటు’ అనే మాట ఏనాడో తన అసలు అర్థాన్ని వదులుకుంది. వీధి చివర రెండు గదులలో నడిచే ఇంగ్లీషు మీడియం బడికీ అదే పేరు. “మా వాణ్ణి కాన్వెంటులో వేశాం” అని గర్వంగా చెప్పే తండ్రికి, ఆ మాట క్రైస్తవ సన్యాసినులు నివసించే మఠానికి చెందినదన్న స్పృహ ఉండదు. ముప్ఫై ఏళ్ళుగా మద్రసాలో పాఠాలు చెబుతున్న నాకు కూడా అది వినీ వదిలేసిన విషయమే. గత వేసవిలో కెనడాలోని క్యూబెక్ నగరంలో ఒక మ్యూజియం చూశాను. ఉత్తర అమెరికాలో ఆడపిల్లల కోసం వెలసిన విద్యాలయాలలో అతి పురాతనమైనదిగా పేరుపొందిన ఒక కాన్వెంటు పాఠశాల చరిత్రను అక్కడ భద్రపరిచారు. చూడడానికి వెళ్ళినది ఇతరుల చరిత్రను. తిరిగి వచ్చేటప్పుడు నా మనసులో మెదిలినది మాత్రం మా మద్రసా ప్రహరీగోడ. ఆ సంగతే ఈ పత్రిక పాఠకులతో పంచుకోదలచాను. ముఖ్యంగా పిల్లలను ఇంటికి దూరంగా ఉంచి చదివిస్తున్న తల్లిదండ్రులతో.

దొన్నకోనా వీధిలో

మా పెద్దబ్బాయి మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడికి వెళ్ళిన రెండవ వారంలో, “అబ్బా, మీరు ఉపాధ్యాయులు కదా, మీకు నచ్చే చోటు ఒకటి ఉంది” అంటూ మమ్మల్ని కారులో క్యూబెక్‌కు తీసుకువెళ్ళాడు. సుమారు 250 కిలోమీటర్ల దూరం, మూడు గంటల ప్రయాణం. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున, కొండపైన, రాతి గోడల నడుమ ఉన్న పాత నగరమది. అక్కడి వీధులు ఇరుకుగా, ఎత్తుపల్లాలుగా ఉంటాయి. అందరూ మాట్లాడేది ఫ్రెంచి భాష. దొన్నకోనా అనే చిన్న వీధిలో ఉర్సులైన్ సన్యాసినుల మఠం, దానికి ఆనుకొని ప్రార్థనాలయం, మ్యూజియం ఉన్నాయి.

ఉర్సులైన్ సన్యాసినుల సంఘం 1535లో ఇటలీలోని బ్రెషా నగరంలో ఏంజెలా మెరిచీ అనే మహిళ స్థాపించినది. ఆడపిల్లలకు చదువు చెప్పడమే తమ ముఖ్య విధిగా ఆ సంఘం ఎంచుకుంది. క్యూబెక్‌లోని వారి పాఠశాల 1639లో మొదలై, ఎన్నో మార్పులకు లోనై, నేటికీ నడుస్తూనే ఉంది. సన్యాసినులు మాత్రం వృద్ధులై, సంఖ్యలో తరిగిపోయి, 2018లో ఆ పాత మఠాన్ని విడిచి మరొక నివాసానికి తరలిపోయారు. గురువులు వెళ్ళిపోయినా బడి మిగిలింది. ఆ మాట విన్నప్పుడు, ఏ గురువైనా కోరుకోదగినది అదే కదా అనిపించింది.

మ్యూజియంలోని వస్తువులు చాలావరకు సాధారణమైనవే. విద్యార్థినుల చేతిరాత పుస్తకాలు, సంగీత వాద్యాలు, విజ్ఞానశాస్త్ర పాఠాలకు వాడిన పరికరాలు, కుట్టుపని నమూనాలు. అన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి రెండు. మొదటిది బంగారు, వెండి జరీతోనూ పట్టుదారంతోనూ సన్యాసినులు కుట్టిన వస్త్రాలు. మూడు శతాబ్దాలు గడిచినా వాటి పువ్వుల రంగు వెలిసిపోలేదు. రెండవది బర్చి చెట్టు బెరడు మీద దుప్పి వెంట్రుకలతో అల్లిన చిన్న పెట్టెలు. ఆ విద్య అక్కడి ఆదివాసీ స్త్రీలది. సన్యాసినులు వారి నుండి దానిని గ్రహించి, తమ పూల నమూనాలను చేర్చి, వాటిని అమ్మి మఠానికి కొంత ఆదాయం సమకూర్చుకున్నారు. నేర్పడానికి వెళ్ళినవారు నేర్చుకున్నారు కూడా.

మా ఎనిమిదేళ్ళ మనవరాలు ఒక చిత్రం ముందు ఆగి, “దాదా, ఈమె కూడా అమ్మలాగే తలకు గుడ్డ చుట్టుకుంది చూడండి!” అంది. ఆ చిత్రంలోని స్త్రీయే ఈ పాఠశాల వ్యవస్థాపకురాలు.

రొట్టెలు కాల్చేవాని కూతురు

ఆమె పేరు మరీ గీయార్. 1599లో ఫ్రాన్సులోని తూర్ నగరంలో పుట్టింది. తండ్రిది రొట్టెల బట్టీ. పదిహేడవ ఏట పట్టువస్త్రాల పనివాడైన క్లోడ్ మార్తాన్‌తో వివాహమైంది. పంతొమ్మిదేళ్ళకే ఆమె వితంతువు. చేతిలో కొన్ని నెలల పసిబిడ్డ. భర్త వ్యాపారం దివాలా తీసింది. అక్కాబావల ఇంట చేరి, మొదట ఇంటిపని చేసి, తరువాత బావగారి సరకు రవాణా వ్యాపారాన్నంతా తానే నడిపే స్థాయికి ఎదిగింది. నౌకలకు సరకులు ఎక్కించే కూలీలతోనూ, గుర్రాలతోనూ, లెక్కలతోనూ గడిపిన ఆ ఏళ్ళే తరువాత ఒక బడిని నిలబెట్టడంలో ఆమెకు అక్కరకు వచ్చి ఉంటాయి.

ఆమె మనసు మాత్రం సన్యాసం వైపే ఉండేది. 1631 జనవరిలో ఆమె ఉర్సులైన్ మఠంలో చేరింది. అప్పటికి కొడుకు క్లోడ్‌కు ఇంకా పన్నెండేళ్ళు నిండలేదు. తల్లి తనను వదిలి వెళ్ళబోతున్నదన్న సంగతి ఆ పసివాడు ఎలాగో పసిగట్టాడు. ఆమె చేరడానికి కొద్ది రోజుల ముందు ఇల్లు వదిలి పారిపోయాడు. మూడు రోజులు వెదికితే బ్లువా పట్టణపు రేవులో దొరికాడు. ఆమె మఠంలో చేరిన తరువాత కూడా అతడు తలుపు దగ్గరకు వచ్చి ఏడ్చేవాడు. ఒకనాడు తన తోటి విద్యార్థులను వెంటబెట్టుకొని వచ్చి, మా అమ్మను మాకిచ్చేయండి అని మఠం బయట కేకలు పెట్టాడు. లోపల నుండి ఆ గొంతును ఆమె గుర్తుపట్టింది. ఆ బాధను ఆమె జీవితాంతం మరచిపోలేదు. వృద్ధాప్యంలోకి అడుగుపెడుతూ కూడా కొడుకుకు రాసిన లేఖలలో దానికి క్షమాపణ వంటి వివరణ ఇస్తూనే ఉంది.

ఆ కొడుకు తరువాత తానూ సన్యాసి అయ్యాడు. తల్లి సముద్రం దాటిన తరువాత వారిద్దరూ మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఉత్తరాలే వారి మధ్య వంతెన. ఆమె మరణానంతరం తల్లి జీవితచరిత్రను 1677లో, లేఖలను 1681లో అచ్చువేయించినది అతడే. నేడు ఆ పాఠశాల తొలినాళ్ళ గురించి లోకానికి ఇంత తెలిసిందంటే, ఒకనాడు గేటు బయట ఏడ్చిన ఆ బిడ్డ చలవే.

మా ధర్మంలో సన్యాసానికి తావు లేదు. కాబట్టి ఆమె నిర్ణయాన్ని నేను మెచ్చుకోలేను. కాని ఆమె తన నిర్ణయపు మూల్యాన్ని దాచుకోకుండా కాగితం మీద పెట్టిన నిజాయితీని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. మనలో ఎందరు గురువులకు ఆ ధైర్యం ఉంటుంది?

నక్షత్రాలు కనిపించే పైకప్పు

1639 మే నెలలో ఫ్రాన్సులోని దియెప్ రేవు నుండి ఓడ బయలుదేరింది. మరీతోపాటు మరో ఇద్దరు ఉర్సులైన్ సన్యాసినులు, ఆసుపత్రి స్థాపించడానికి వస్తున్న ముగ్గురు సన్యాసినులు, ఈ పనికి తన ఆస్తిని ధారపోసిన మదాం ద లా పెల్ట్రీ అనే సంపన్న వితంతువు అందులో ఉన్నారు. దాదాపు మూడు నెలల సముద్ర ప్రయాణం తరువాత ఆగస్టు 1న క్యూబెక్ చేరారు. అప్పటి క్యూబెక్ నగరం కాదు, కొన్ని వందలమంది ఫ్రెంచివారు ఉండే చిన్న స్థావరం.

నది ఒడ్డున రెండు గదుల ఇల్లు వారి తొలి బడి. పైకప్పు పలకల సందులలో నుండి రాత్రివేళ నక్షత్రాలు కనిపించేవనీ, గాలికి కొవ్వొత్తి వెలిగి నిలిచేది కాదనీ మరీ తన లేఖలలో రాసింది. చలికి తట్టుకోలేక పెట్టెలలో పడుకున్నవారు కూడా ఉన్నారు. ఆ మొదటి శీతకాలంలోనే మశూచి వచ్చింది. నేలంతా జబ్బుపడిన పిల్లల పడకలతో నిండిపోయింది. ఉన్న బట్టలు చాలక సన్యాసినులు తమ తలకట్టు వస్త్రాలను సైతం చించి పిల్లలకు వాడారు. కొందరు పిల్లలు ఆ ఇంట్లోనే కన్నుమూశారు.

అక్కడి తెగల పిల్లలకు పాఠం చెప్పాలంటే వారి భాషలు రావాలి. మరీకి అప్పటికి నలభై ఏళ్ళు. కొత్త భాష నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆ మాటలు తలలో రాళ్ళలా దొర్లుతూ నొప్పి పుట్టించేవని ఆమె చెప్పుకుంది. అయినా వదలలేదు. ఇన్నూ, ఆల్గోంక్విన్, హ్యూరాన్, ఇరాక్వాయ్ భాషలలో పట్టు సాధించి నిఘంటువులు, బోధన గ్రంథాలు కూర్చింది. నలభై దాటాక అరబీ వ్యాకరణం నేర్చుకోవడానికి వచ్చి, ఒక్క నెలకే “ఇక నా వల్ల కాదు, హజ్రత్” అనే పెద్దలను నేను చూశాను. వారికి ఈమె కథ చెప్పాలనిపించింది.

జీతం కట్టగలిగిన వలస కుటుంబాలు కూడా తరచు డబ్బుకు బదులు వస్తువులే ఇచ్చేవి. కట్టెల మోపులు, వెన్న, బఠానీలు, ఉప్పు వేసిన చేపలు. ఇది చదువుతుంటే కోతల కాలంలో మా మద్రసాకు బస్తాలలో వచ్చే ధాన్యం గుర్తుకు వచ్చింది. బడి ఏ ధర్మానికి చెందినదైనా, దాని పొయ్యి వెలిగించేది ఊరి రైతే.

1642లో వారు కొండపైన కట్టిన రాతి భవనంలోకి మారారు. ఎనిమిదేళ్ళ తరువాత, 1650 డిసెంబరు చివరి రాత్రులలో ఒకనాడు, చలికి పిండి గడ్డకట్టకుండా ఒక సోదరి పిండి తొట్టిలో నిప్పులు పెట్టి మరచిపోయింది. అర్ధరాత్రి భవనమంతా అంటుకుంది. పిల్లలనూ సన్యాసినులనూ రాత్రి దుస్తులతోనే మంచులోకి తరిమి ప్రాణాలు కాపాడుకున్నారు. ఒక్క ప్రాణం పోలేదు. మిగతావన్నీ పోయాయి. అప్పులు చేసి మళ్ళీ కట్టారు. 1686లో మళ్ళీ కాలిపోయింది, మళ్ళీ కట్టారు. 1759లో ఆంగ్లేయుల ముట్టడిలో ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఓడిపోయిన ఫ్రెంచి సేనాని మోంకాల్మ్‌ను ఈ ప్రార్థనాలయంలోనే, గుండు పడి ఏర్పడిన గోతిలో పూడ్చిపెట్టారు. 2001లో ఆ అవశేషాలను వేరొక శ్మశానానికి మార్చారు. ఇన్ని విపత్తుల తరువాత కూడా బడి మూతపడలేదు.

ఉడుతల్లా ఎక్కి

ఇంతవరకు చెప్పినది ఏ సంస్థ అయినా తన స్మారకగ్రంథంలో రాసుకునే చరిత్ర. నన్ను కదిలించినది దాని పక్కనే ఉన్న మరొక చరిత్ర. మరీ లేఖల ఇంగ్లీషు అనువాదాన్ని మా అబ్బాయి నాకోసం సంపాదించాడు. మాంట్రియల్ ఇంట్లో రాత్రిపూట కోడలు చదివి అర్థం చెబుతుంటే వింటూ ఉండేవాణ్ణి.

ఆ బడికి దక్కిన తొలి ఆదివాసీ విద్యార్థిని పేరు మరీ నెగబమత్. అడవిలో స్వేచ్ఛగా తిరిగిన పిల్ల. వచ్చిన నాలుగు రోజులకే, తనకిచ్చిన గౌను చింపేసి అడవిలోకి పారిపోయింది. తండ్రి మందలించి తిరిగి పంపాడు. ఆ తరువాత ఆ పిల్ల కుదురుకుంది, చక్కగా చదివింది. తొలి ఏడాది లేఖలో మరీ ఈ సంగతిని సంతోషంగా రాసింది. మొదట పారిపోయినా చివరకు నిలబడిన పిల్ల కథ ప్రతి గురువూ ఇష్టంగా చెప్పుకునేదే కదా.

దాదాపు ముప్ఫై ఏళ్ళ తరువాత ఆమె రాసిన లేఖ వేరుగా ఉంది. అప్పటికి ఫ్రాన్సు రాజ్యం, మంత్రి కోల్‌బేర్ ద్వారా, ఆదివాసీ పిల్లలను ఫ్రెంచివారిలా మార్చమని ఒత్తిడి చేస్తున్నది. 1668లో మరీ దానికి సమాధానంగా తన అనుభవాన్ని దాపరికం లేకుండా చెప్పింది. తమ చేతులమీదుగా వెళ్ళిన వందమందిలో ఒక్కరినైనా ఫ్రెంచి నాగరికతలోకి మార్చగలిగామో లేదో అన్నది. ఆ పిల్లలు తెలివైనవారే, చెప్పిన మాట వినేవారే. కాని ఎవరూ అనుకోని క్షణంలో, గోడంత ఎత్తున్న దుంగల కంచెను ఉడుతల్లా ఎక్కి దూకి అడవిలోకి పరుగెత్తేవారట. కొందరు వలస పక్షుల్లా వచ్చి, దిగులు పుట్టేదాకా ఉండి వెళ్ళిపోయేవారట. దిగులు వారిని లోలోపల తినేసి జబ్బుపడేలా చేసేదట. తమ బిడ్డ దిగులుగా ఉన్నదని తెలిస్తే చాలు, తల్లిదండ్రులు వచ్చి తీసుకుపోయేవారట. పిల్లలమీద వారికి అంత ప్రేమ అని కూడా ఆమే రాసింది.

అంటే, తన సొంత బిడ్డ గేటు బయట అమ్మ కోసం ఏడిస్తే లోపల ఉండిపోయిన తల్లి, గేటు లోపల అమ్మ కోసం ఏడ్చే బిడ్డలను సాకడంలో మిగిలిన జీవితం గడిపింది. ఆమె ఈ రెండింటినీ ఎక్కడైనా ఒకే వాక్యంలో కలిపిందో లేదో నేను చెప్పలేను. చదివేవారు కలపకుండా ఉండలేరు.

మరొక పిల్ల తెరేజ్. హ్యూరాన్ తెగకు చెందినది. రెండేళ్ళపాటు ఈ బడిలో చదివి, 1642లో స్వగ్రామానికి వెళ్తుండగా శత్రువులైన ఇరాక్వాయ్‌లకు చిక్కింది. అప్పటికి పదమూడు, పద్నాలుగేళ్ళు ఉంటాయేమో. సన్యాసినులు ఆమె విడుదలకు ఎంతో ప్రయత్నించారు. ఆమె తిరిగి రాలేదు. అక్కడే పెళ్ళి జరిగింది, అక్కడే స్థిరపడింది. జపమాల లేకపోయినా వేళ్ళమీద, నేలమీది గులకరాళ్ళమీద లెక్కపెట్టుకుంటూ తన ప్రార్థన చేసుకుంటున్నదన్న వార్త మఠానికి చేరింది. వేళ్ళ కణుపులమీద తస్బీహ్ లెక్కించే మనకు ఆ దృశ్యాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. బడి ఆమెను నిలుపుకోలేకపోయింది. బడిలో నేర్చుకున్నది మాత్రం ఆమెతోనే ఉంది.

మనవరాలి ప్రశ్న

మ్యూజియం నుండి బయటకు వచ్చి, మెట్లమీద కూర్చున్నాం. మనవరాలు అడిగింది. “దాదా, ఆ అమ్మాయిలు గోడ ఎందుకు ఎక్కారు? టీచరు కొట్టేవారా?”

“లేదమ్మా. టీచరు మంచిదే.”

“మరి అన్నం పెట్టలేదా?”

“పెట్టారు.”

“మరి ఎందుకు ఎక్కారు?”

నా దగ్గర జవాబు లేకపోలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

ఇరవై ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక మద్రసాలో తొమ్మిదేళ్ళ పిల్లవాడు హిఫ్జ్ తరగతిలో చేరాడు. గొంతు మంచిది, జ్ఞాపకశక్తి ఇంకా మంచిది. రెండు నెలలలో ఒక పారా పూర్తిచేశాడు. ఒక తెల్లవారుజామున ఫజ్ర్‌కు లేపబోతే పడక ఖాళీ. పక్కనే ఉన్న వేపచెట్టు ఎక్కి గోడ దూకాడు. నేనే వెదకడానికి వెళ్ళాను. బస్టాండులో, తన ఊరి బస్సు ఏదో తెలియక, ఒక బెంచీమీద ముడుచుకొని కూర్చొని ఉన్నాడు. కొట్టలేదు. తిట్టలేదు. చేయి పట్టుకొని తీసుకువచ్చాను. దారంతా అతడు ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా, ఇల్లు గుర్తుకొచ్చిందా అని అడగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, అడిగితే జవాబు చెప్పవలసి వస్తుందని భయపడ్డానేమో.

వారం తిరగకుండా మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ తీసుకువచ్చాను. ఆ నెల కమిటీ సమావేశంలో వేపకొమ్మలు నరికించాలనీ, గోడ మూడు అడుగులు పెంచి పైన గాజు పెంకులు అమర్చాలనీ ప్రతిపాదించినది నేనే. అందరూ ఆమోదించారు. అంతా పిల్లల భద్రతకే అనుకున్నాం. మూడవసారి అతడు పారిపోలేదు. అన్నం మానేశాడు. జ్వరం తగిలింది. కబురు పంపితే తల్లి వచ్చి, ఎవరినీ ఒక్క మాట అనకుండా, బిడ్డను ఎత్తుకొని వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళవాణ్ణి చంటిబిడ్డలా భుజాన వేసుకొని ఆమె గేటు దాటడం నేను వరండాలో నిలబడి చూశాను. ‘ఒక హాఫిజ్‌ను పోగొట్టుకున్నాం’ అనుకున్నానే తప్ప మరేమీ అనుకోలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక పట్టణంలో మా జీపు టైరు పంక్చరైతే బాగుచేయడానికి వచ్చిన యువకుడు నన్ను గుర్తుపట్టి సలాం చేశాడు. అతడే. టీ తెప్పించాడు. డబ్బు తీసుకోలేదు. జుహర్ వేళకు పని ఆపి, చేతులు కడుక్కొని, మాతోపాటు మసీదుకు వచ్చాడు. కంఠస్థం చేసిన సూరాలు ఇప్పటికీ గుర్తున్నాయన్నాడు. తన కొడుకు ఉదయం బడికీ, సాయంత్రం మసీదులోని మక్తబ్‌కూ వెళ్తున్నాడట. “రాత్రికి మాత్రం ఇంట్లోనే పడుకుంటాడు, హజ్రత్” అని నవ్వాడు. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. అందుకే మరింత గుచ్చుకుంది.

నమాజు చేయిస్తుండగా వెనుక వరుసలలో పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందో ఎరిగి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నమాజును కుదించేవారన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. దానిని నేను ఎన్ని తరగతులకు బోధించానో లెక్కలేదు. మా పడకల గదిలో దీపం ఆర్పిన తరువాత దుప్పటి కింద నుండి వచ్చే ఏడుపుకూ ఆ పాఠానికీ సంబంధం ఉందని మాత్రం, ఖండాంతరంలో ఒక కాన్వెంటు మెట్లమీద కూర్చున్నప్పుడే తట్టింది.

తలుపు మూసుకుపోయినప్పుడు

ఈ కథకు కెనడాలో మరొక చేదు కొనసాగింపు ఉంది. మరీ మరణించిన రెండు శతాబ్దాల తరువాత, 19వ శతాబ్దంలో, ప్రభుత్వమూ చర్చిలూ కలిసి ఆదివాసీ పిల్లల కోసం దేశమంతటా వసతి పాఠశాలలు నడిపాయి. 1920లో చట్టం ద్వారా హాజరును నిర్బంధం చేశారు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి, వారి భాష మాట్లాడితే శిక్షించారు. సుమారు 1,50,000 మంది పిల్లలు ఆ పాఠశాలలలో పెరిగారు. వేలాదిమంది అక్కడే మరణించారు. చివరి పాఠశాలలు 1990వ దశకంలో గాని మూతపడలేదు. 2008లో దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2015లో సత్యశోధన కమిషన్ తన తుది నివేదిక సమర్పించింది. 2022లో పోప్ ఫ్రాన్సిస్ స్వయంగా కెనడా వచ్చి, క్యూబెక్ నగరంలో కూడా ఆగి, క్షమాపణ కోరారు.

ఉర్సులైన్ల తొలినాటి బడినీ ఆ నిర్బంధ పాఠశాలలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. రెండూ పిల్లలను మరొకరిలా మార్చాలనుకున్నవే. అయినా ఒక పెద్ద తేడా ఉంది. మరీ బడికి కంచె ఉండేది, కాని బిడ్డ దిగులుగా ఉన్నదని తెలిసి తండ్రి వస్తే గేటు తెరుచుకునేది. ఎక్కువమంది వెళ్ళిపోతున్నారని చూసి, ఆమె తప్పును పిల్లలమీద నెట్టకుండా, మా పద్ధతి ఇక్కడ పనిచేయడం లేదని పైవారికే రాసింది. తరువాతి పాఠశాలలలో ఆ గేటును చట్టం మూసివేసింది. తల్లి వచ్చినా తెరుచుకోని తలుపు వెనుక ఎంత ఘోరమైనా జరగవచ్చునని ఆ దేశం ఎంతో మూల్యం చెల్లించి తెలుసుకుంది.

మన ఇళ్ళకు సంబంధించిన మాట

ఇది మద్రసాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో పదో తరగతి కూడా దాటని పిల్లలను ర్యాంకుల కోసం వసతి కళాశాలలలో, హాస్టళ్ళలో వదిలి వచ్చే కుటుంబాలు ఎన్నో. నెలకొకసారి ఔటింగు, వారానికొక ఫోను. ఆ ఫోనులో బిడ్డ “బాగానే ఉన్నా” అంటే నమ్మడం మనకూ సౌకర్యమే. ధర్మవిద్య కోసం పంపినా, ఇంజనీరింగు సీటు కోసం పంపినా, దుప్పటి కింద ఏడుపు ఒకటే.

పిల్లలను దూరం పంపవద్దని నేను అనడం లేదు. ఊళ్ళో సరైన బడి లేనివారు, తండ్రి లేని పిల్లలు, చదువుమీద నిజమైన ఆసక్తితో తామే వెళ్తామన్నవారు ఉంటారు. వసతి లేకపోతే వారికి చదువే లేదు. నేనూ అలా చదువుకున్నవాణ్ణే. అయితే పంపేముందు బిడ్డను అడగండి. అడిగినప్పుడు “వద్దు” అనే అవకాశం నిజంగా ఇవ్వండి. మొదటి నెలలలో చెప్పకుండా వెళ్ళి చూడండి. అన్నం తగ్గినా, మాట తగ్గినా, నిద్రలో పక్క తడిపినా, దానిని బద్ధకమనో మొండితనమనో కొట్టిపారేయకండి. బిడ్డను తీసుకురావలసి వస్తే, పరువు పోయిందని అనుకోకండి. తిరిగి వచ్చిన పిల్లవాడు ఓడిపోయిన పిల్లవాడు కాడు.

నా తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. పారిపోయిన పిల్లవాడు దొరికినప్పుడు మనం మొదట వెదికేది గోడలో లోపం. మొదట అడగవలసింది ఆ పిల్లవాడినే. ఎంతమంది పూర్తిచేశారో వార్షిక సభలో చదివి వినిపిస్తాం. ఎంతమంది మధ్యలో వెళ్ళిపోయారో, ఎందుకు వెళ్ళారో కూడా ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే మంచిది. మూడున్నర శతాబ్దాల క్రితం ఒక వృద్ధ సన్యాసిని తన పరాజయాన్ని తన చేతితోనే రాయబట్టి, ఆ పిల్లల జాడ నేటికీ మిగిలింది. రాయకపోతే ఆ మ్యూజియంలో జరీపువ్వులు మాత్రమే ఉండేవి.

సెలవుల తరువాత నేను మా మద్రసాకు తిరిగి వచ్చాను. పెద్దలతో మాట్లాడి రెండు ఏర్పాట్లు చేసుకున్నాం. పన్నెండేళ్ళలోపు పిల్లలు ప్రతి గురువారం అస్ర్ తరువాత ఇంటికి వెళ్ళి శుక్రవారం సాయంత్రం రావచ్చు. తల్లులు వచ్చి కూర్చోవడానికి గేటు పక్కన ఒక గది కేటాయించాం. అక్కడ ఒక చాప, మంచినీళ్ళ కుండ, ఫ్యాను ఉన్నాయి. తల్లి ఏ వేళ వచ్చినా బిడ్డను పిలిపిస్తారు, పాఠం నడుస్తున్నా సరే. చదువు వెనుకబడుతుందని కొందరు సహోపాధ్యాయులు గొణిగారు. కొంత వెనుకబడింది కూడా. గోడమీది గాజు పెంకుల గురించి ఇంకా చర్చ నడుస్తున్నది. దొంగల భయం ఉందని కొందరంటున్నారు, అదీ నిజమే. కాని వేపచెట్టుకు మళ్ళీ కొమ్మలు వచ్చాయి. ఈసారి వాటిని నరకమని నేను అడగలేదు.

పిల్లలు మన దగ్గర ఒక అమానతు. వారిని అప్పగించినవారికి ఏ క్షణమైనా తిరిగి అప్పగించగల సిద్ధత్వాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.